రాత్రి ఓడెక్కితే తెల్లారేసరికి హాలండ్

ప్రయాణాల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేం లండన్ పక్కన ఇల్ఫర్డ్‌లో ఉంటాం. ఏప్రిల్‌లో అమ్మానాన్న తెనాలి నుంచి వస్తున్నారు. వాళ్లని ఆమ్‌స్టర్‌డామ్ తీసుకెళ్లి ట్యులిప్ తోటలు చూపించాలని ఉంది. ఇండియా నుంచి అంత దూరం విమానంలో వచ్చాక మళ్లీ విమానమంటే నాన్న ససేమిరా అంటున్నారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఓడలో, రైల్లో వెళ్లొచ్చని మా ఆఫీసులో ఒకావిడ చెప్పింది. పెద్దవాళ్లతో కుదిరే పనేనా? అమ్మ బస్సెక్కితేనే కళ్లు తిరుగుతున్నాయంటుంది. సముద్రం మీద ఎలా అని నాకు టెన్షన్‌గా ఉంది. తిండి సంగతేంటి? వీసాలూ అవీ ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక కూతురు, ఇల్ఫర్డ్

జవాబు: కుదురుతుందమ్మా. నన్నడిగితే పెద్దవాళ్లకి విమానం కన్నా ఇదే సుఖం. కాకపోతే చవగ్గా అయిపోతుందనుకోవద్దు. నలుగురికి రెండు క్యాబిన్లు తీసుకుంటే చవక విమానం టికెట్ల కన్నా ఎక్కువే అవుతుంది. ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది, అమ్మ కాళ్లు చాపుకుని పడుకుంటుంది. నా లెక్కలో ఆ డబ్బుకి అది న్యాయమే.

నేనుండేది కోల్చెస్టర్‌లో. హార్విచ్ రేవుకి వెళ్లే రైళ్లు మా ఊరి మీదుగానే పోతాయి కాబట్టి ఈ దారి నాకు బాగా అలవాటు.

ముందు వీసా. ఓడ టికెట్ బుక్ చేసి తర్వాత వీసా చూసుకుందామనుకునేవాళ్లు ఎక్కువ. అలా చేయకండి. మీది ఇండియన్ పాస్‌పోర్టయితే మీకూ, మీ వారికీ షెంగెన్ వీసా, అంటే హాలండ్‌తో సహా చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే వీసా, లండన్‌లోనే తీసుకోవాలి. తిరిగొచ్చిన తర్వాత కూడా కనీసం మూడు నెలలు మీ బ్రిటన్ వీసా మిగిలి ఉండాలి. అమ్మానాన్నల సంగతి వేరు. వాళ్లు విజిటర్ వీసా మీద వస్తున్నారు కాబట్టి ఇక్కడికొచ్చాక ఇక్కడ అప్లై చేస్తామంటే మామూలుగా ఒప్పుకోరు, సొంత దేశంలో చేసుకోమంటారు. అందుకని బ్రిటన్ వీసా రాగానే అక్కడే, ఇండియాలో ఉండగానే, షెంగెన్ కూడా చేయించేయండి. రెండు ఆఫీసులూ పాస్‌పోర్టు తీసేసుకుంటాయి కాబట్టి రెండూ ఒకేసారి నడవవు. ఏప్రిల్ ప్రయాణమంటే సంక్రాంతి పిండివంటలు సర్దేసిన మర్నాడే మొదలుపెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి షెంగెన్‌కి అప్లై చేయొచ్చు. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. మీరు కొత్త పాస్‌పోర్టు తీసుకుని ఉంటే ఆ నంబరు మీ బ్రిటన్ ఈ-వీసా ఖాతాలో ఎక్కించారో లేదో ఇవాళే చూసుకోండి. తిరిగొచ్చేటప్పుడు హుక్ ఆఫ్ హాలండ్ అనే డచ్ రేవులో గుర్తొస్తే లాభం లేదు.

ఇక దారి. లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో సాయంత్రం రైలెక్కితే గంటన్నర లోపు హార్విచ్ ఇంటర్నేషనల్. నేరుగా వెళ్లే రైలు చూసుకోండి, లేకపోతే మానింగ్‌ట్రీలో మారాలి. హార్విచ్‌లో రైలు దిగిన చోటే ఓడ టెర్మినల్. టాక్సీ అక్కర్లేదు. రైలుకీ ఓడకీ కలిపి ‘రైల్ అండ్ సెయిల్’ అని ఒకే టికెట్ అమ్ముతారు. నాన్నగారికి అర్థమయ్యేలా చెప్పాలంటే మన బోట్ మెయిల్ లాంటిదని చెప్పండి. మద్రాసులో టికెట్ కొంటే ధనుష్కోడి దాకా రైలు, అక్కణ్నుంచి తలైమన్నారుకి ఓడ, మళ్లీ కొలంబోకి రైలు ఉండేవి కదా. 1964 తుపానులో ధనుష్కోడి కొట్టుకుపోయాక ధనుష్కోడి మీదుగా ఆ దారి ఆగిపోయింది. ఆ తరం వాళ్లకి ఆ పేరు చెబితే చాలు, సగం భయం పోతుంది.

లివర్‌పూల్ స్ట్రీట్‌కి అరగంట ముందే వెళ్లండి. స్టేషన్ బయట సూట్‌కేసులతో నిలబడ్డ పిల్లల కంచు విగ్రహాలుంటాయి. నాజీల చేతికి చిక్కకుండా దాదాపు 10,000 మంది పిల్లల్ని, ఎక్కువమంది యూదుల పిల్లలే, బ్రిటన్‌కి తీసుకొచ్చారు. మొదటి బృందం 1938 డిసెంబర్ 2న హార్విచ్‌లో దిగింది. వాళ్లలో చాలామంది వచ్చింది మీరు వెళ్లబోయే ఈ దారినే, హుక్ ఆఫ్ హాలండ్‌లో ఓడెక్కి. అమ్మానాన్న లేకుండా వచ్చిన పిల్లలు. మా ఆయన ఎప్పుడూ హడావిడి పెడతాడు గానీ నేను మాత్రం అక్కడ ఆగకుండా వెళ్లను.

ఓడ రాత్రి 11 గంటలకి బయల్దేరి పొద్దున 8 గంటలకి హుక్ ఆఫ్ హాలండ్ చేరుతుంది. హాలండ్ గడియారం గంట ముందుంటుంది కాబట్టి తొమ్మిది గంటలు కాదు, ఎనిమిదే. బయల్దేరడానికి 45 నిమిషాల ముందు చెక్-ఇన్ మూసేస్తారు, కానీ అంత దాకా ఎందుకు? తొమ్మిది, తొమ్మిదిన్నరకల్లా ఎక్కేసి అమ్మని పడుకోబెట్టేయండి. రాత్రి ఓడలో క్యాబిన్ తీసుకోవడం తప్పనిసరి. ప్రతి క్యాబిన్లో బాత్రూమ్, షవర్ ఉంటాయి.

సముద్రం పడదనే భయం గురించి. ఈ ఓడలు చిన్నవి కావు, 240 మీటర్ల పొడవు. మా అత్తగారిది సఖినేటిపల్లి. నర్సాపురం వెళ్లాలంటే గోదావరి మీద పంటు ఎక్కిన మనిషి. ఇక్కడ ఓడ కదులుతున్నప్పుడు కిటికీ దగ్గర నిలబడి రేవు దీపాలు వెనక్కి జరగడం చూసి, “ఇది పంటేమిటే, ఊరికి ఊరే కదిలిపోతోంది” అంది. తర్వాత క్యాబిన్‌కొచ్చి, పక్క మీద చెయ్యి వేసి చూసింది. కింద ఇంజిన్ వణుకు సన్నగా తెలుస్తోంది. “మిక్సీ ఎవరో వేశారు, ఆపమను” అని గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దున మైకులో అనౌన్స్‌మెంట్ వచ్చేదాకా లేవలేదు.

అలాగని నార్త్ సీ ఎప్పుడూ అంత మంచిగా ఉండదు. గాలి రోజుల్లో ఊగుతుంది. క్యాబిన్ బుక్ చేసేటప్పుడు ఓడ మధ్యలో, వీలైనంత కింది డెక్‌లో అడగండి. ఊపు ముందు భాగంలోనూ, పైనా ఎక్కువ తెలుస్తుంది. పై బెర్తుకి నిచ్చెన ఎక్కాలి కాబట్టి అమ్మకీ నాన్నకీ కింది పక్కలే రావాలని ముందే చెప్పండి. లేదా ఒక క్యాబిన్లో మీరూ అమ్మా, ఇంకోదాంట్లో మీ వారూ నాన్నా సర్దుకుంటే, పై పక్కలు మీవి, కిందివి వాళ్లవి. వాంతుల మాత్రలు మాత్రం మీరే కొని ఇచ్చేయకండి. బీపీ, గ్లాకోమా, ప్రోస్టేట్ ఉన్నవాళ్లకి కొన్ని పడవు. వాళ్లు వేసుకునే మందుల చీటీ పట్టుకెళ్లి ఫార్మసీలో అడగండి. ఖాళీ కడుపుతో ఉంచొద్దు, నూనె వంటలూ వద్దు. తొందరగా పడుకుంటే సగం బాధ తగ్గుతుంది.

తిండి దగ్గర మనవాళ్లకి తెలియని చిక్కొకటుంది. బ్రిటన్ నుంచి యూరప్‌లోకి మాంసం, పాల వస్తువులు తీసుకెళ్లకూడదు. అంటే నెయ్యి సీసా, పెరుగు డబ్బా, పన్నీరు, కోడి పచ్చడి, మటన్ కలిపిన గోంగూర, ఇవేవీ కుదరవు. తాజా కూరలు, ఆకులు, పళ్లకి కూడా ప్లాంట్ హెల్త్ సర్టిఫికెట్ కావాలి. కాబట్టి అమ్మ సంచిలో కరివేపాకు రెబ్బ ఉన్నా కుదరదు. అరటిపళ్లు, కొబ్బరికాయ, ఖర్జూరం, అనాస లాంటి కొన్నిటికి మాత్రం మినహాయింపు ఉంది. వాంతి రాకుండా వాసన చూడ్డానికి నిమ్మకాయ పట్టుకెళ్తే దిగే ముందు ఓడలోనే పారేయండి. ఆవకాయ, కందిపొడి, జంతికలు నిశ్చింతగా పట్టుకెళ్లొచ్చు. రాత్రికి పులిహోర కలిపి తీసుకెళ్లి ఓడలోనే ఖాళీ చేసేయండి, దద్ధోజనం కూడా తెచ్చుకుంటే అక్కడే తినేయండి. క్యాబిన్లో రైస్ కుక్కర్ పెడదామనే ఆలోచన ఎవరికైనా వస్తే మొదట్లోనే ఆపండి. ఓడలో నిప్పంటే ఎవరూ సరదాగా తీసుకోరు.

వచ్చేటప్పుడూ ఇదే గొడవ, అటు తిరిగింది. 2025 ఏప్రిల్ 12 నుంచి యూరప్ దేశాల్లో కొన్న పశు మాంసం, పాల వస్తువులు సొంతానికైనా బ్రిటన్‌లోకి తేనివ్వడం లేదు. గాలికుంటు వ్యాధి భయం. హాలండ్ వెళ్లి గౌడా చీజ్ చక్రం తేకుండా రావడం ఇంట్లో ఒప్పుకోరు గానీ, అక్కడే తినేసి రండి. బయల్దేరే ముందు ఈ నిబంధన ఇంకా ఉందో లేదో ఒకసారి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

హుక్‌లో దిగాక డచ్ పోలీసులు పాస్‌పోర్టు చూస్తారు. లండన్ నుంచి సముద్రం కింది సొరంగంలో వెళ్లే యూరోస్టార్ రైల్లో అయితే ఇది లండన్‌లోనే అయిపోతుంది, ఇక్కడ దిగిన తర్వాత. 2025 అక్టోబర్ నుంచి కొత్త పద్ధతి మొదలైంది, వేలిముద్రలు, ఫొటో తీసుకుంటున్నారు. మొదటిసారి వెళ్లేవాళ్లకి లైను నెమ్మదిగా కదులుతుంది. పదింటికి ఎక్కడో ఉండాలని టికెట్లు కొనేసుకోకండి. అమ్మకి మడత కుర్చీ లాంటిది ఉంటే చేతిలో పట్టుకోండి. నడవడం కష్టమైతే ఓడ బుక్ చేసేటప్పుడే వీల్‌చెయిర్ సాయం అడగొచ్చు, మొహమాటపడొద్దు.

టెర్మినల్ బయటే మెట్రో స్టేషన్, హుక్ వాన్ హోలాండ్ హావెన్. ఒకప్పుడు ఇక్కడ మామూలు రైలుండేది. 2019లో దాన్ని రోటర్‌డామ్ మెట్రోలో కలిపేశారు. ‘బి’ లైన్ ఎక్కి స్కీడామ్ సెంట్రమ్‌లో దిగితే అక్కణ్నుంచి ఇంటర్‌సిటీ రైలు. టికెట్ కొనక్కర్లేదు, బ్యాంకు కార్డు గేటు దగ్గర తాకిస్తే చాలు. ఇక్కడే చాలామంది బోల్తా పడేది. ఒక కార్డుతో ఒక్క మనిషే వెళ్లాలి. నలుగురికి నాలుగు కార్డులు, లేదా ఫోన్లు కావాలి. అమ్మానాన్నల దగ్గర లేకపోతే మీ రెండో కార్డు, మీ వారి రెండో కార్డు వాళ్ల చేతిలో పెట్టండి. ఎవరి కార్డు ఏదో గుర్తుండాలి, ఎక్కినప్పుడు తాకించిన కార్డే దిగినప్పుడూ తాకించాలి. స్కీడామ్‌లో మెట్రో నుంచి బయటికి ఒకసారి, రైలు కంపెనీ మిషన్ దగ్గర లోపలికి మళ్లీ ఒకసారి. మెట్రో వాళ్లు వేరు, రైలు వాళ్లు వేరు. మరిచిపోతే ఖాతాలోంచి ఎక్కువ డబ్బు కోసేస్తారు. నేనైతే గేటు దగ్గర నిలబడి బడిపిల్లల్ని లెక్కపెట్టినట్టు అందరూ తాకించారో లేదో చూస్తాను.

ఇప్పుడు మీరు అడగని సలహా ఒకటి. ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగకండి, లేడెన్‌లో దిగండి. స్కీడామ్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లే దార్లోనే వస్తుంది. మీరు చూడాలనుకునే ట్యులిప్ తోట, కేకెన్‌హోఫ్, ఆమ్‌స్టర్‌డామ్‌లో లేదు, లిస్సే అనే ఊళ్లో ఉంది. లేడెన్ స్టేషన్ ముందు నుంచి సీజన్‌లో నేరుగా బస్సు. ఆమ్‌స్టర్‌డామ్‌కి కూడా లేడెన్ నుంచి రైల్లో ముప్పావు గంట లోపే. పైగా ఆమ్‌స్టర్‌డామ్‌లో హోటల్ బిల్లు మీద నగరం పన్నే 12.5 శాతం. అక్కడి కాలవగట్టు పాత ఇళ్లలో హోటళ్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, మెట్లు మాత్రం దాదాపు నిచ్చెనలే. సూట్‌కేసు ఒక చేత్తో, తాడు ఒక చేత్తో పట్టుకుని ఎక్కాలి. అమ్మ మోకాళ్లకి అది శిక్ష. ఎక్కడ దిగినా లిఫ్ట్ ఉందా అని రాసి అడిగి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.

తోట మార్చి మూడో వారం నుంచి మే రెండో వారం దాకా తెరిచి ఉంటుంది. ఏప్రిల్ మధ్యలో అయితే పొలాల్లో కూడా పూలుంటాయి. లేడెన్ నుంచి హార్లెం వైపు రైలు కిటికీలోంచే ఎర్రగా, పచ్చగా పట్టీలు పట్టీలుగా కనిపిస్తాయి. ఏప్రిల్ 27 మాత్రం వదిలేయండి, ఆ రోజు రాజుగారి పుట్టినరోజు పండగ. కుర్రాళ్లకి బాగుంటుంది. రైళ్లలో కాలు పెట్టే చోటుండదు, హోటళ్ల ధరలు మండిపోతాయి. నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన ఆన్ ఫ్రాంక్ ఇల్లు చూడాలనుంటే ఆరు వారాల ముందు, మంగళవారం నాడు ఆన్‌లైన్‌లో టికెట్లు వదులుతారు. గుమ్మం దగ్గర దొరకవు. ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ స్టేషన్ వెనకవైపు నీళ్ల మీద అవతలి ఒడ్డుకి పడవలు తిరుగుతుంటాయి, పూర్తిగా ఉచితం. కాలవల్లో గంట షికారు పడవ ఎలాగూ ఎక్కుతారు, నాన్నగారిని ఈ ఉచితం పడవ కూడా ఎక్కించండి.

తిరుగు ప్రయాణం మళ్లీ ఓడలోనే చేయక్కర్లేదు. రాత్రి ఓడ పొద్దున్న ఆరున్నరకే హార్విచ్‌లో దింపేస్తుంది, పెద్దవాళ్లకి ఆ వేళ లేవడం కష్టం. టికెట్ ముందే కొనుక్కుని యూరోస్టార్ ఎక్కితే ఆమ్‌స్టర్‌డామ్ నుంచి లండన్‌కి నాలుగు గంటలు, మారే పని లేదు. వెళ్లేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు రైలు, నా ఓటు దానికే.

ప్రశ్న: న్యూకాజిల్‌లో ఎంఎస్సీ చదువుతున్నాను. రాత్రి ఓడలో వెళ్లి, ఆమ్‌స్టర్‌డామ్‌లో పగలు తిరిగి, అదే సాయంత్రం ఓడలో వెనక్కొచ్చే ప్యాకేజీ ఉంది, చవగ్గా ఉంది. ఐదారు గంటలే కదా, దానికి కూడా వీసా కావాలా? ఫ్రెండ్స్ ఎవరూ అడగరంటున్నారు.
— వరంగల్ కుర్రాడు

జవాబు: కావాలి బాబూ. ఒక గంటకైనా కావాలి. ఎవరూ అడగరన్న ఫ్రెండ్స్ పాస్‌పోర్టు ఏ రంగుదో ముందు కనుక్కో. వీసా లేకపోతే నార్త్ షీల్డ్స్ రేవులోనే ఆపేస్తారు, టికెట్ డబ్బు తిరిగి రాదు.

వీసా ఫీజు 90 యూరోలు పెట్టి ఐదు గంటలు తిరిగి రావడం నాకు నచ్చలేదు. ఆ ఓడ దింపేది కూడా ఆమ్‌స్టర్‌డామ్‌లో కాదు, ఐమౌడెన్ అనే రేవులో. అక్కణ్నుంచి బస్సులో ఊళ్లోకి తీసుకెళ్లి, మధ్యాహ్నం మళ్లీ అదే బస్సులో వెనక్కి. బస్సు తప్పిపోతే ఓడ నీ కోసం ఆగదు. ఎలాగూ వీసా తీసుకుంటున్నావు కాబట్టి సెలవుల్లో వెళ్లు. అటూ ఇటూ ఓడే పెట్టుకో, మధ్యలో నాలుగు రోజులు హాస్టల్లో ఉండు, రోటర్‌డామ్, ఉట్రెక్ట్ కూడా చూడొచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక క్యాబిన్ పంచుకుంటే మనిషికి పడేది తగ్గుతుంది. సాయంత్రం ఐదింటికి బయల్దేరి మర్నాడు పొద్దున్న చేరుతుంది, హార్విచ్ దారి కన్నా సముద్రం మీద దాదాపు రెట్టింపు సమయం. చలికాలంలో అయితే ఆలోచించుకో.

ప్రశ్న: నేను రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. యూరప్‌లో రైలే ఓడలోకి ఎక్కి సముద్రం దాటుతుందని సర్వీసులో ఉన్నప్పుడు విన్నాను. ఇప్పటికీ ఉందా? మా అబ్బాయి మిలాన్‌లో ఉంటాడు. వెళ్తే చూడాలని కోరిక.
— కాజీపేట నుంచి

జవాబు: ఉందండి, అదీ మీ అబ్బాయి ఉన్న దేశంలోనే. జర్మనీకీ డెన్మార్క్‌కీ మధ్య పుట్‌గార్డెన్, రోడ్‌బీల దగ్గర కూడా 2019 డిసెంబర్ దాకా రైలు ఓడెక్కేది. అది ఆపేశారు, అక్కడ ఇప్పుడు సముద్రం అడుగున సొరంగం కడుతున్నారు. ఇటలీలో మాత్రం ప్రధాన భూభాగానికీ సిసిలీ దీవికీ మధ్య ఉన్న మెస్సీనా జలసంధి దగ్గర నేటికీ నడుస్తోంది. వంతెన కడతామని దశాబ్దాలుగా అంటూనే ఉన్నారు. సన్నగా ఉన్న చోట మూడు కిలోమీటర్లే, అయినా భూకంపాల ప్రాంతం, లోతైన నీళ్లు, ప్రవాహం వేగం.

మిలాన్ నుంచి సిసిలీకి రాత్రి రైలుంది, కానీ మీలాంటివారు పగటి రైలెక్కాలి. అబ్బాయి దగ్గర నుంచి హైస్పీడ్ రైల్లో రోమ్ వచ్చేసి, అక్కడ ఒక రోజు ఉండి, రోమ్ నుంచి పలెర్మో లేదా సిరకూజా వెళ్లే పగటి ఇంటర్‌సిటీ పట్టుకోండి. నేపుల్స్ దాటాక కుడివైపు సముద్రం కనిపిస్తూ పోతుంది కాబట్టి కుడి కిటికీ అడగండి. జలసంధి ఇవతలి ఒడ్డున విల్లా శాన్ జొవాన్నీలో రైలు ఆగుతుంది. షంటింగ్ అక్కడ మొదలవుతుంది. రైలు మొత్తం ఒకే వరసలో ఓడలో పట్టదు. విడదీసి, ఓడ లోపలున్న పట్టాల మీదికి ముక్కలుగా తోస్తారు. బఫర్లు తగిలిన చప్పుడు, కప్లింగ్ తీస్తున్న చప్పుడు, రేవుకీ ఓడకీ మధ్య కీలు మీద చక్రాలు దాటినప్పుడు వచ్చే చిన్న కుదుపు, ఇవన్నీ మామూలు ప్రయాణికులకి విసుగు. మీరైతే కిటికీ వదలరు.

నీళ్ల మీద ప్రయాణం అరగంట లోపే, ఈ విడదీయడం, కలపడం మాత్రం మొత్తం మీద రెండు గంటలదాకా పడుతుంది. అందుకే తొందరున్న వాళ్లు రైలు దిగి వేరే పడవలో దాటేస్తారు. రైల్లోనే ఉండి దాటితే మీ రైలు టికెట్‌లోనే ఓడ కూడా కలిసి ఉంటుంది, విడిగా డబ్బు కట్టక్కర్లేదు. ఓడ కదిలాక పెట్టెలోంచి దిగి మెట్లెక్కి పైకి వెళ్లొచ్చు. అక్కడ అరంచీనీ అని వేయించిన అన్నపు ఉండలు అమ్ముతారు. కొన్నిటిలో మాంసం ఉంటుంది, శాకాహారులైతే అడిగి తీసుకోండి.

పైకి వెళ్లే ముందు మీ కోచ్ నంబరు కాగితం మీద రాసుకోండి. తిరిగి దిగేసరికి పక్కపక్క పట్టాల మీద పెట్టెలన్నీ ఒకేలా కనిపిస్తాయి. అవతలి ఒడ్డున మెస్సీనాలో కొన్ని కోచ్‌లు పలెర్మోకి, కొన్ని సిరకూజాకి విడిపోతాయి. మీరు ఎక్కాల్సింది ఏదో ముందే చూసుకోండి.